కరోనా బ్యాచ్‌లు ఎక్కడ ఆగాయి, ఇంకా ఎక్కడ ఆగుతాయి: శ్రీకాకుళం, విజయనగరం లెక్క

కరోనా వల్ల పిల్లలు చదువు మానేశారన్నది అందరి నోటా వినబడే మాట. బడులు మూతపడిన ఆ రెండేళ్ల అంకెలు తీసి చూస్తే మాత్రం మానేసినవాళ్లు కనబడరు. పైగా పాసైనవాళ్లు పెరిగారు, కాలేజీలో చేరినవాళ్లూ పెరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020, 2021 పదో తరగతి పరీక్షలు రెండూ రద్దయ్యాయి. పేరు నమోదైన ప్రతి విద్యార్థీ పాస్. 2020 మార్చిలో ఇంటర్ తప్పినవారికి సప్లిమెంటరీ పెట్టకుండానే పాస్ వేశారు. 2021లో ఇంటర్ పబ్లిక్ పరీక్షలూ రద్దయ్యాయి. దేశం మొత్తం మీద ఉన్నత విద్యలో ఉన్నవారు 2019-20లో 3.85 కోట్లు, 2020-21లో 4.14 కోట్లు, 2021-22లో 4.33 కోట్లు. అదే సమయంలో అమెరికాలో కమ్యూనిటీ కాలేజీల చేరికలు ఒక్క ఏడాదిలో సుమారు పది శాతం పడిపోయాయి. అక్కడ ఫీజు, ఉద్యోగం, ఆన్‌లైన్ క్లాసు చూసుకుని విద్యార్థులే ఆగిపోయారు. ఇక్కడ వడపోసే పరీక్షే లేకపోవడంతో అందరూ పై మెట్టు ఎక్కారు.

అలాగని నష్టం జరగలేదనుకోవడానికి లేదు. అది వాయిదా పడింది. బడి మూతపడిన ఏడాదిలో కాకుండా, ఆ పిల్లలు మొదటిసారి కూర్చుని రాసిన పబ్లిక్ పరీక్షలో అది బయటపడుతుంది. అందుకే ఈ విషయాన్ని ఏడాదివారీగా చూస్తే ఏమీ అర్థం కాదు, బ్యాచ్‌వారీగా చూడాలి. 2020 మార్చిలో ఏ తరగతిలో ఉన్నారు, ఏ ఏడాది ఏ పరీక్షకు వచ్చారు అన్నదే అసలు లెక్క. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ లెక్క మరీ ముఖ్యం. 2011 జనగణనలో విజయనగరం అక్షరాస్యత 58.89 శాతం, శ్రీకాకుళం 61.74 శాతం. అంటే ఆ పిల్లల్లో చాలామందికి ఇంట్లో పాఠం చెప్పే మనిషి లేరు. బడి మూతపడితే చదువు పూర్తిగా ఆగిపోయినట్టే.

ఏ బ్యాచ్‌కి ఎన్ని నెలలు పోయాయి

రాష్ట్రంలో బడులు 2020 మార్చి 19న మూతపడ్డాయి. 9, 10 తరగతులకూ ఇంటర్‌కూ నవంబరు 2న తలుపులు తెరుచుకున్నాయి. ఎనిమిది నవంబరు 23న, ఏడు డిసెంబరు 14న, ఆరు 2021 జనవరి 18న, ఒకటి నుంచి ఐదు ఫిబ్రవరి 1న మొదలయ్యాయి. రెండో వేవ్‌లో ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులు మళ్లీ ఆగాయి. ఆగస్టు 16న తెరిచారు. మధ్యలో వచ్చిన వేసవి సెలవులు తీసేసినా, హైస్కూలు పిల్లలకు సుమారు ఎనిమిది నెలలు, ప్రాథమిక తరగతులకు పదకొండు నెలలు పోయినట్టు.

ఇప్పుడు బ్యాచ్‌లు చూద్దాం. 2019-20లో పదో తరగతి చదివినవారు పది పరీక్ష రాయలేదు, ఇంటర్ మొదటి ఏడాది పబ్లిక్ పరీక్షా రాయలేదు. చాలామందికి మొదటి పబ్లిక్ పరీక్ష 2022 మేలో, ఇంటర్ రెండో ఏడాదిలో వచ్చింది. తొమ్మిదిలో ఉన్నవారు 2021లో పది రాయకుండానే ఇంటర్‌లో చేరారు. 2022 మేలో మొదటి ఏడాది పరీక్షకు కూర్చున్నారు. ఎనిమిదిలో ఉన్నవారి తొమ్మిదో తరగతి నవంబరులో మొదలై ఏప్రిల్‌లో ముగిసింది, పదో తరగతి ఆగస్టు నడిమధ్యలో మొదలైంది. పది పబ్లిక్ పరీక్ష రాసిన మొదటి కరోనా బ్యాచ్ ఇదే.

ఈ మూడు బ్యాచ్‌లూ 2022 ఏప్రిల్, మే నెలల్లో ఒకేసారి పరీక్ష హాల్లోకి వచ్చాయి. పది పాస్ 67.26 శాతం. ఇంటర్ మొదటి ఏడాది 54, రెండో ఏడాది 61 శాతం. 2019లో పది 94.88 శాతం ఉండేది. 2020లో జరిగిన ఇంటర్ పరీక్షల్లో మొదటి ఏడాది 59, రెండో ఏడాది 63.

67.26 వెనక ఉన్నదేమిటి

ఆ 67.26 చూసి రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. రాసినవారు 6,15,908 మంది, తప్పినవారు రెండు లక్షలకు పైనే. ప్రభుత్వ పాఠశాలల్లో సగం మందే గట్టెక్కారు. అయితే 94.88 నుంచి 67.26కి పడిన మొత్తాన్నీ కరోనా ఖాతాలో వేయడం సరికాదు. 2019లో ప్రతి సబ్జెక్టులో 20 మార్కులు బడిలోనే వేసే ఇంటర్నల్స్. మిగిలిన 80కే పరీక్ష. ఆ ఇంటర్నల్స్‌ను 2019 అక్టోబరులో తీసేశారు. 2020, 2021లో పరీక్షలే జరగలేదు కాబట్టి ఇంటర్నల్స్ లేని పరీక్ష మొదటిసారి రాసినవారు 2022 బ్యాచ్ పిల్లలు. పేపర్లు కూడా 11 నుంచి 7కి తగ్గాయి, అంటే ఒక్కో పేపర్లో ఎక్కువ సిలబస్. హిందీలో 20, మిగతా సబ్జెక్టుల్లో 35 వస్తే పాస్. ఇంటర్నల్స్‌లో 18, 19 తెచ్చుకున్న పిల్లవాడికి పరీక్షలో ఇంకో 16, 17 చాలు అన్న రోజులు పోయాయి. గణితంలో 25 దగ్గర ఆగిపోయే పిల్లవాడు 2019లో పాస్, 2022లో ఫెయిల్.

ఇంటర్‌లో తగ్గుదల తక్కువగా కనబడటానికీ ఒక కారణం ఇదే కావచ్చు, అక్కడ ఇంటర్నల్స్ గొడవ లేదు. కానీ ఇంకో సంగతి ఉంది. పరీక్ష జరిగి ఉంటే పదిలోనే ఆగిపోయే పిల్లలు కూడా 2020, 2021లో ఇంటర్‌లోకి వచ్చారు. తరగతిలో ఉన్నవారి కూర్పే మారిపోయింది. పాస్ శాతం పడిపోవడానికి నేర్చుకున్నది తగ్గడం ఒక్కటే కారణం కాదు, అంతకుముందు లోపలికి రానివారు లోపలికి రావడం కూడా కారణం. వాళ్లు రావడం తప్పని కాదు. వచ్చినవారికి తొమ్మిది, పది గణితం మళ్లీ చెప్పే ఏర్పాటు లేకుండా ఇంటర్ మొదటి ఏడాది గణితం పేపర్లు 1ఏ, 1బీ ముందు పెట్టడమే తప్పు. అప్పట్లో 75 మార్కుల గణితం పేపర్లో 26, 60 మార్కుల ఫిజిక్స్‌లో 21 తెచ్చుకోవాల్సి వచ్చేది. ఇంటర్‌లో మొదటి ఏడాది తప్పినా రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. అందుకని సబ్జెక్టులు మూటగట్టుకుని రెండో ఏడాది చివరకు ఆరేడు పేపర్లతో నిలబడ్డవారు ప్రతి కాలేజీలోనూ కనబడ్డారు. అన్ని పేపర్లు మిగిలినవాడు సాధారణంగా సప్లీ ఫీజు కట్టడు.

తర్వాత శాతాలు కోలుకున్నాయి. పది 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఇంటర్ రెండో ఏడాది 2023లో 72, 2024లో 78, 2025లో 83.

ఈ రెండు జిల్లాల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. విజయనగరం నుంచి పార్వతీపురం వైపు, శ్రీకాకుళం నుంచి పాలకొండ, సీతంపేట వైపు మండలాలు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. కాబట్టి 2019 శ్రీకాకుళం, 2024 శ్రీకాకుళం ఒకటి కావు. గిరిజన గ్రామాలు ఎక్కువగా ఉన్న భాగం బయటకు పోయాక మిగిలిన జిల్లా శాతం పెరిగితే అందులో ఎంత చదువు, ఎంత సరిహద్దు అన్నది మండలాలవారీగా విడదీస్తే తప్ప తేలదు. విచిత్రం ఏమిటంటే, వెనకబడిందని అందరూ అనుకునే ఆ మన్యం జిల్లాయే 2023, 2024, 2025 మూడేళ్లూ పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంది. అక్కడ ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఎక్కువ. పిల్లలు రాత్రింబవళ్లు మాస్టార్ల కళ్ల ముందే ఉంటారు. చదివించేవారు లేని ఇంటి లోటును హాస్టల్ ఎంత పూడ్చగలదో ఇది చెబుతుంది. హాస్టళ్లు మూతపడిన 2020లో అదే పిల్లలకు ఎంత పోయిందో కూడా దీన్నిబట్టే ఊహించవచ్చు.

ఇంటి దగ్గర జరిగింది

ఈ ప్రాంతంలో చదువు ఆగేది ఎక్కువగా వలస దగ్గర. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి విశాఖ, హైదరాబాద్, చెన్నై, విజయవాడ భవన నిర్మాణ పనులకు కుటుంబాలు వెళ్తాయి. తీర గ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద నెలల తరబడి ఉంటారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో అక్కడ చిక్కుకున్న వేలమందిని బస్సుల్లో సొంత ఊళ్లకు తెచ్చారు. ఉద్దానం వైపు కుటుంబాలు 2018 అక్టోబరు తిత్లీ తుపానులో కొబ్బరి, జీడి తోటలు పోగొట్టుకుని అప్పటికింకా తేరుకోలేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. తోట పోయిన ఇంట్లో వలస సొమ్మే ఆధారం. అదీ ఆగింది.

ఇలాంటి ఇంట్లో మొదట పిల్లల్ని ప్రైవేటు బడి నుంచి తీసి ప్రభుత్వ బడిలో వేశారు. ఇది దేశమంతటా జరిగిందే. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడిలో చదివే పిల్లలు 2018లో 64.3 శాతం, 2021లో 70.3 శాతం. 2020-21కి ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, కానీ పాత బాకీ ఉంటే టీసీ ఇవ్వని యాజమాన్యాలు ఎప్పుడూ ఉంటాయి. ఎనిమిదో తరగతి వరకు టీసీ లేకున్నా చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. తొమ్మిది, పదికి ఆ రక్షణ లేదు. సరిగ్గా అక్కడే పిల్లవాడి పేరు పాత బడి ఆన్‌లైన్ ఖాతాలో ఉండిపోయి, మనిషి కొత్త బడిలో కూర్చుంటాడు. పది నామినల్ రోల్స్ (పరీక్షకు పంపే పేర్ల జాబితా) వేసేటప్పుడు ఆ సంగతి బయటపడుతుంది, అప్పటికి ఫీజు గడువు దగ్గరకు వచ్చేస్తుంది.

టీవీ పాఠాలు, ఫోన్ పాఠాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం, విద్యా వారధి వచ్చాయి, చూసినవారు చూశారు. 2021 అసర్ ప్రకారం బడిలో ఉన్న గ్రామీణ పిల్లల్లో మూడింట రెండు వంతుల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, ఆ ఇళ్లలోనూ నాలుగోవంతు పిల్లల చేతికి అది అందదు. తండ్రి పనికి వెళ్తే ఫోనూ వెళ్తుంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల మీద ఫోనున్నా సిగ్నల్ కోసం గట్టు ఎక్కాలి.

అబ్బాయిల కథ వేరు, అమ్మాయిల కథ వేరు. 2021-22లో పనులు మళ్లీ మొదలయ్యేసరికి పదహారేళ్ల అబ్బాయి పూర్తి కూలీకి దగ్గరగా సంపాదించే మనిషయ్యాడు. సెంట్రింగ్, టైల్స్, పెయింటింగ్ పనుల్లో మేస్త్రీ వెంట హెల్పర్‌గా వెళ్లాడు. పది పాస్ సర్టిఫికెట్ ఉచితంగా వచ్చింది కనుక ఇంట్లో "పది అయిపోయింది కదా" అనే మాట వినబడింది. ఆర్మీ మీద ఆశ పెట్టుకున్నవారికి ఇంకో దెబ్బ తగిలింది. ఈ రెండు జిల్లాల్లో పది పాసై ఆర్మీ ర్యాలీకి పరుగు సాధన చేసే కుర్రాళ్లు ఊరూరా ఉంటారు. కరోనాతో ర్యాలీలు ఆగాయి, 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చేసరికి కొందరికి వయసు దాటింది. జీడీ (జనరల్ డ్యూటీ) పోస్టుకు పదిలో మొత్తం మీద 45 శాతం కావాలి. మార్కులు లేని 2020 మెమోతో అది చూపలేరు. ఆ బ్యాచ్‌కి గ్రేడ్లు తర్వాత ఎప్పుడో ఇచ్చారు. ర్యాలీ కోసం ఆగి ఇంటర్ మానేసినవారు తిరిగి కాలేజీకి రాలేదు.

అమ్మాయిల దగ్గర ఇంటర్ వయసు, పెళ్లి వయసు ఒకదానికొకటి ఎదురొస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సర్వే 2019లోనే జరిగింది, అంటే ఇది కరోనాకు ముందు లెక్క. బస్సులు లేక, హాస్టల్ మూసి ఇంట్లో కూర్చున్న అమ్మాయికి సంబంధం చూడటం అప్పటికే ఉన్న అలవాటుకు కలిసొచ్చింది. లాక్‌డౌన్‌లో పెళ్లి ఖర్చు కూడా తక్కువ. పెళ్లికి డబ్బు సాయం చేసే కల్యాణమస్తు పథకానికి వధూవరులిద్దరూ పది పాసై ఉండాలన్న నిబంధన 2022 అక్టోబరులో వచ్చింది. పది వరకు అది పనికొచ్చింది. ఇంటర్ దగ్గర దానికి పట్టు లేకపోయింది.

కరోనాతో తల్లీతండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలకు రాష్ట్రం పది లక్షలు డిపాజిట్ చేసింది, వడ్డీ నెలనెలా అందేలా, అసలు 25 ఏళ్లకు చేతికొచ్చేలా. తండ్రి ఒక్కడే పోయిన ఇళ్లు అంతకన్నా చాలా ఎక్కువ, వాటికి ఆ డిపాజిట్ లేదు. మరణం 21 రోజుల్లో నమోదు కాకపోతే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మరణ ధ్రువపత్రం లేకపోతే వితంతు పింఛను రాదు, రైస్ కార్డులో పేరు మారదు, పిల్లల ఫీజు పథకంలో కుటుంబ వివరాలు సరిపడవు. ఇంటి పెద్ద పోయిన ఇంట్లో చదువు ఆగడానికి డబ్బు ఎంత కారణమో ఈ కాగితం కూడా అంతే కారణం.

పది తర్వాత, ఇంటర్ తర్వాత

దేశంలోని 28 గ్రామీణ జిల్లాల్లో 14 ఏళ్లవారిలో 3.9 శాతం, 18 ఏళ్లవారిలో 32.6 శాతం ఎక్కడా చదవడం లేదని 2023 అసర్ తేల్చింది. చదువు తెగేది ఈ నాలుగేళ్లలోనే. 2020, 2021లో ఈ దారిలో ప్రతి మలుపులోనూ ఆలస్యం జరిగింది.

ఎంసెట్ 2020లో సెప్టెంబరు 17న మొదలైంది. డిగ్రీ ప్రవేశాలు ఆ ఏడాదే మొదటిసారి ఆన్‌లైన్‌లోకి మారాయి. క్లాసులు మొదలయ్యేసరికి 2021 వచ్చేసింది. మార్చిలో ఇంటర్ ముగించిన విద్యార్థి పది నెలలు ఖాళీ. ఆ ఖాళీలో పనికి వెళ్లినవారిలో కొందరు మళ్లీ వెనక్కి చూడలేదు. ఆన్‌లైన్ పద్ధతిలో రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, సెల్ఫ్ రిపోర్టింగ్ అని ఐదు మెట్లుంటాయి. పల్లె విద్యార్థి తప్పేది మూడో మెట్టులో, ఐదో మెట్టులో. నెట్ సెంటర్‌లో ఎవరో ఒకరు నాలుగైదు ఆప్షన్లు కొట్టేస్తారు. ఊరికి బస్సున్న కాలేజీ ఆ జాబితాలో ఉండదు. సీటు వచ్చిందన్న మెసేజ్ నెట్ సెంటర్ వాడి నంబరుకు వెళ్తుంది, రిపోర్టింగ్ గడువు దాటిపోతుంది. ఆప్షన్లు పది పన్నెండు పెట్టుకోవడం, ఇంట్లో ఎప్పుడూ ఉండే నంబరు ఇవ్వడం, రిపోర్టింగ్ అయ్యాక వచ్చే కాగితం ప్రింటు తీసి కాలేజీలో ఇవ్వడం చిన్న పనులే. సీట్లు పోయేదీ వీటి దగ్గరే.

ట్రిపుల్ ఐటీ సీట్లది ఇంకో రకం నష్టం. కరోనాకు ముందు పది గ్రేడ్ పాయింట్లతో, ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా 0.4 కలిపి ఇచ్చిన సీటు ఇది. ఎచ్చెర్ల దగ్గర శ్రీకాకుళం క్యాంపస్ ఉండటంతో ఇక్కడి జిల్లా పరిషత్ హైస్కూలు టాపర్‌కి ఇదే పెద్ద కల. మార్కులు లేక 2020 డిసెంబరు 5న ప్రవేశ పరీక్ష పెట్టారు, 2021లో మళ్లీ పెట్టారు. బడి మూతపడ్డ ఊళ్లో కోచింగ్ లేకుండా ఆ పరీక్ష రాసిన పిల్లవాడు, ఇంట్లో ల్యాప్‌టాప్‌తో సాధన చేసినవాడితో పోటీ పడాల్సి వచ్చింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నచోట కాలేజీ చేరిక నిలబడింది, ఈ మాట ఒప్పుకోవాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు, మాగాణి పది ఎకరాల లోపు లేదా మెట్ట 25 ఎకరాల లోపు, 75 శాతం హాజరు ఉంటే ఫీజు ప్రభుత్వం కడుతుంది. 2021 నుంచి ఆ డబ్బు తల్లి ఖాతాలోకి వచ్చింది. అప్పట్లో చెడిపోయింది రెండు చోట్ల. తల్లి బ్యాంకు ఖాతా ఆధార్‌తో ముడిపడకపోతే విడత వెనక్కి పోయేది. వచ్చిన డబ్బు ఇంటి అవసరానికి ఖర్చయితే కాలేజీకి బాకీ పడేది. బాకీ ఉంటే కోర్సు పూర్తయినా సర్టిఫికెట్లు చేతికి రావు. విడత ఆలస్యమైనా అదే పరిస్థితి. దూరవిద్యలో చేరితే ఈ పథకం అసలు వర్తించదు. కరోనాలో పని చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీకి కట్టినవారు ప్రతి ఏడాది ఫీజూ జేబులోంచే తీశారు.

పాస్ శాతం వేరు, పూర్తి శాతం వేరు

ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 2019 జూన్‌లో ఎనిమిదో తరగతిలో 60 మంది. తొమ్మిదిలో పేర్లు 60. పది నామినల్ రోల్స్‌లో 56. పరీక్ష రాసింది 52, పాస్ 34. బడి 65 శాతం అని రాసుకుంటుంది. సప్లీలో ఇంకో 9 మంది గట్టెక్కి మొత్తం 43. ఇంటర్‌లో చేరింది 38, రెండో ఏడాది పరీక్ష రాసింది 33, పాస్ 21. కాలేజీ 64 శాతం అంటుంది. మొదట ఉన్న 60 మందిలో ఇంటర్ పూర్తి చేసింది మాత్రం 35 శాతం. బడి చెప్పింది అబద్ధం కాదు, కాలేజీ చెప్పిందీ కాదు. కాకపోతే ఇద్దరూ హాజరైనవారినే లెక్కపెట్టారు.

ఈ లెక్క ప్రతి హైస్కూలూ ఒక తెల్లకాగితం మీద వేసుకోవచ్చు. అడ్మిషన్ రిజిస్టరు, నామినల్ రోల్స్, హాల్‌టికెట్ల జాబితా, ఫలితాల షీటు ఉంటే సరిపోతుంది. కావాల్సింది పేరు పేరునా చూడటం. సంఖ్యలు మాత్రమే చూస్తే, వెళ్లిన నలుగురి స్థానంలో వేరే బడి నుంచి నలుగురు వస్తే ఏమీ తేడా కనబడదు. విద్యార్థి ఐడీ నంబరు పట్టుకుంటే మోసపోరు. బడుల ఆన్‌లైన్ ఖాతా అయిన యూడైస్‌లో, ఏ బడిలోనూ కనబడని పిల్లల జాబితా అయిన డ్రాప్‌బాక్స్‌లో మిగిలిన పేర్లలో నిజంగా మానేసినవారూ ఉంటారు, టీసీ లేక ఇరుక్కున్నవారూ ఉంటారు, తల్లిదండ్రులతో చెన్నైలో తమిళ బడిలో కూర్చున్నవారూ ఉంటారు. మూడింటికీ చేయాల్సింది వేరు. క్లస్టర్ రిసోర్స్ పర్సన్ ఫోన్ చేసి "వలస" అని ఒక్క మాట రాసేస్తే మూడూ ఒకటైపోతాయి.

నామినల్ రోల్స్‌కీ పరీక్షకీ మధ్య పోయే నలుగురు అన్నిటికన్నా సులువుగా ఆపగలిగినవారు. పది పరీక్ష ఫీజు 125 రూపాయలు. గడువు దాటితే 50, తర్వాత 200, ఆ తర్వాత 500 అపరాధ రుసుము. ఇంత చిన్న మొత్తానికి ఏడాది పోవడం చాలావరకు డబ్బు లేక జరగదు. గడువు నాటికి పిల్లవాడు ఊళ్లో ఉండడు, అదీ కారణం. సంక్రాంతికి వలస కుటుంబాలు ఊరికి వస్తాయి. ఫీజు గడువు మాత్రం చాలా సంవత్సరాల్లో సంక్రాంతికి ముందే ముగుస్తుంది. దసరాకు వచ్చినప్పుడే కట్టించుకున్న బడుల్లో ఈ నష్టం తక్కువ.

తప్పినవారికి ఉన్న దారులు

2022లో తప్పినవారికి జూలైలో సప్లిమెంటరీ పెట్టి, పాసైతే రెగ్యులర్‌గానే లెక్కించారు. 2023 నుంచి పది తప్పినవారు మళ్లీ బడిలో రెగ్యులర్‌గా చేరే వీలొచ్చింది. పుస్తకాలు, మధ్యాహ్న భోజనం, మిగతావన్నీ అందరితో సమానం. మంచి నిర్ణయం. ఆచరణలో అడ్డం వచ్చింది సిగ్గు, తమ్ముడి తరగతిలో కూర్చోవాలంటే అన్నకు మనసొప్పదు. అలాంటివారికి ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే ఓపెన్ టెన్త్, ఐదు సబ్జెక్టులు. దీని సర్టిఫికెట్ ఇంటర్‌కీ ప్రభుత్వ ఉద్యోగానికీ చెల్లుతుంది. చెల్లదని చెప్పేవారూ, పాస్ గ్యారంటీ అని వేలకు వేలు అడిగేవారూ ఇద్దరూ ఊళ్లో దొరుకుతారు. ప్రభుత్వ హైస్కూళ్లలో ఉన్న స్టడీ సెంటర్లో నేరుగా కట్టుకుంటే ఈ ఇద్దరితోనూ పనిలేదు. పది పూర్తి కానివారికి ఐటీఐలో వెల్డర్, వైర్‌మన్ వంటి ట్రేడ్లు ఎనిమిదో తరగతి అర్హతతో ఉన్నాయి. ఇంటర్ సప్లీ మిగిలినవారు ముందు ఒకటి రెండు పేపర్లే కట్టి పాసైతే తర్వాతి విడత కట్టే ధైర్యం వస్తుంది. ఆరూ ఒకేసారి కట్టి ఆరూ తప్పినవారు ఎక్కువ.

డబ్బు పథకాల సంగతి కొంచెం చూడాలి. పిల్లల్ని బడికి పంపే తల్లికి ఏటా 15 వేలు ఇచ్చే అమ్మ ఒడి 2020 జనవరిలో మొదలైంది. 75 శాతం హాజరు నిబంధన కరోనా తర్వాత గట్టిగా అమలైంది. మూడో విడత 2022 జూన్ 27న శ్రీకాకుళంలోనే విడుదలైంది, కోతలు పోను చేతికి 13 వేలు. తల్లికి ఒక్క బిడ్డ లెక్కనే వచ్చేది కాబట్టి ఇద్దరున్న ఇంట్లో పెద్దవాడిని పనికి పంపినా సొమ్ము ఆగేది కాదు, చిన్నవాడి పేరున వచ్చేది. 2025లో దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనం పథకం ప్రతి బిడ్డకూ ఇవ్వడం మొదలయ్యాక ఆ లొసుగు పోయింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం 2025 జనవరిలో తిరిగి వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి చీకటిపడ్డాక ఇల్లు చేరే పిల్లలకు ఇది పథకాలన్నిటికన్నా దగ్గరి సాయం.

ఇంకా రావాల్సిన బ్యాచ్‌లు

హైస్కూలు బ్యాచ్‌లు దాటిపోయాయి కాబట్టి కరోనా ముగిసిందన్న భావన ఉంది. ఎక్కువ నెలలు పోయింది చిన్న తరగతులకు. 2022 అసర్ ప్రకారం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో మూడో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. ఆ మూడో తరగతి పిల్లలు 2020లో అక్షరాలు నేర్చుకోవాల్సిన వయసువారు. 2019-20లో మూడో తరగతి చదివినవారు 2026-27లో పదికి వస్తారు, ఒకటో తరగతి చదివినవారు 2028-29లో. 2020 జూన్‌లో ఒకటిలో పేరు రాయించుకుని 2021 ఫిబ్రవరి దాకా బడి గది చూడనివారు పది పరీక్ష రాసేది 2030 మార్చిలో, ఇంటర్ ముగించేది 2032లో.

వీళ్లకు ఫెయిల్ అన్న మాట సాధారణంగా తొమ్మిది వరకు ఎదురుకాదు. అందువల్ల లోపం పదిలోనే బయటపడుతుంది, అప్పటికి వంద రోజుల ప్రణాళికలు, రాత్రి స్టడీ అవర్స్ పెడతారు. తెలుగు పేరా తడబడకుండా చదవలేని పిల్లవాడికి వంద రోజుల్లో సైన్స్ ముఖ్య ప్రశ్నలు బట్టీ పెట్టిస్తే 35 రావచ్చు. ఇంటర్ మొదటి ఏడాదిలో అది నిలబడదు. ఆరు, ఏడు తరగతుల్లో జూలైలోపు ఒక్కొక్కరిచేత ఒక పేరా చదివించి, ఒక భాగహారం చేయించి, చేయలేనివారిని రోజూ గంట విడిగా కూర్చోబెట్టడం వేరే ఖర్చు లేని పని. పాఠం చెప్పాల్సింది తరగతి పుస్తకం కాదు, మూడో తరగతి పుస్తకం. దానికి తల్లిదండ్రులూ కొందరు ఉపాధ్యాయులూ ఒప్పుకోరు, సిలబస్ వెనకబడుతుందని. సిలబస్ ముందుకే పోతుంది. ఆ పిల్లవాడే దాని వెనక ఉండడు.

2030 నామినల్ రోల్స్ వచ్చినప్పుడు వాటిని 2020-21 ఒకటో తరగతి అడ్మిషన్ రిజిస్టరు పక్కన పెట్టాలి. ప్రైవేటు నుంచి మధ్యలో వచ్చినవారిని, అటు వెళ్లినవారిని ఐడీ నంబర్లతో తీసేయాలి. మిగిలిన ఖాళీ పేర్లకు ఒక్కొక్కదాని ఎదురుగా పెళ్లి, పని, వలస, మరణం, టీసీ అని ఏదో ఒకటి రాయాలి. ఆ జాబితా పరీక్ష ఫీజు గడువుకు నెల ముందు తయారైతే కొన్ని పేర్లనైనా హాల్‌టికెట్ల దాకా తేవచ్చు.